చెట్టు పెరుగుతుంది, వడ్డీ కూడా పెరుగుతుంది

గుంటూరు చుట్టుపక్కల చెట్ల సాగు చేసే రైతులకు ఖర్చు, రాబడి లెక్కలు వేసిపెట్టడం నా పని. ఏ మొక్క నాటాలని అందరూ అడుగుతారు. ఎప్పుడు కొట్టాలని అడిగేవాళ్లు తక్కువ. డబ్బు తేలేది మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే.

అపోహ: టేకు నాటి వదిలేస్తే పాప పెళ్లినాటికి లక్షలే లక్షలు.

వాస్తవం: 20 ఏళ్ల తర్వాత వచ్చే 10 లక్షలకు ఇవాళ విలువ ఎంత? రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం చొప్పున చక్రవడ్డీ వేస్తే సుమారు లక్షా 4 వేలు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నాటితే పదమూడున్నర వేలే. (నమ్మక నాతో మళ్లీ మళ్లీ క్యాలిక్యులేటర్ కొట్టించినవాళ్లున్నారు.) టేకు తోటల పేరుతో జనం దగ్గర డబ్బు వసూలు చేసే పథకాలు 1990లలో చాలానే వచ్చాయి. 1999లో పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ వాటికి నిబంధనలు పెట్టింది. టేకు చెడ్డదని కాదు. అప్పు చేయకుండా గట్ల మీద వేసుకోండి, నేనేమీ అనను.

అపోహ: కాగితం మిల్లులకు అమ్మే సుబాబుల్, జామాయిల్ ఎంతకాలం ఉంచితే అంత లాభం.

వాస్తవం: కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టిన రైతు అద్దె, వడ్డీ వేలి మీద లెక్కేస్తాడు. అదే రైతు తోట దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క మర్చిపోతాడు. ఎకరం కర్ర ఇవాళ లక్షన్నర చేస్తుంది, ఏడాది ఆగితే లక్షా 70 వేలు వస్తుందనుకుందాం. పెరిగింది 20 వేలు. ఇవాళే అమ్మితే ఆ లక్షన్నర మీద రూపాయి వడ్డీకే 18 వేలు వచ్చేది. మిగిలిన 2 వేలకు ఎకరం కౌలుకు ఎవరైనా ఇస్తారా? పైగా ఇప్పుడు కొడితే మోళ్లు చిగురేసి రెండో కోత ఏడాది ముందే చేతికొస్తుంది. మార్టిన్ ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ అటవీ నిపుణుడు 1849లో చెట్లున్న నేలకు విలువ కట్టే సూత్రం రాశాడు. కోత వయసు తేల్చే లెక్క అందులోంచే వచ్చింది. రేటు పడిపోయినప్పుడు ఆగడం తప్పు కాదు, కానీ కోత కూలి, లారీ కిరాయి పోను చేతికొచ్చేదాని మీదే లెక్క చూడండి.

అపోహ: అడవికీ ఇదే లెక్క.

వాస్తవం: కాదు. 12 శాతం వడ్డీతో చూస్తే నెమ్మదిగా పెరిగే ప్రతి చెట్టునూ ఇవాళే కొట్టేయాలి. అడవిలో పర్యావరణ సమతుల్యత ముందు, రాబడి ఆ తర్వాతే అని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మిల్లులు ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలన్నదీ అందులోనే ఉంది. ఇతర పనులకు అడవిని మళ్లిస్తే దానికి బదులుగా కట్టాల్సిన సొమ్మును (దీన్నే అడవి నేటి విలువ, ఎన్‌పీవీ అంటారు) 2008లో సుప్రీంకోర్టు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఖరారు చేసింది. అందులో ఉన్నది కలప ధర ఒక్కటే కాదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్రనే తీసుకోండి. ఎంత నరకాలో తేల్చాల్సింది వడ్డీ రేటు కాదు, ఆ చెట్లుండే కొండల మీద ఏటా కొత్తగా పెరిగే కర్ర.