నీటి మీద చమురు తెట్టు: అపోహలు - వాస్తవాలు

చమురు నీళ్లలో పడిందన్న కబురు రాగానే అందరూ అడిగేది ఒక్కటే: "మొత్తం ఎప్పటికి తీసేస్తారు?" పెద్ద ప్రమాదాల్లో మొత్తం తీయడం దాదాపు ఎక్కడా జరగలేదు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ తవ్విన చమురు బావి 87 రోజులు కారింది. బయటికొచ్చింది సుమారు 49 లక్షల బ్యారెళ్లని అమెరికా ప్రభుత్వం లెక్కగట్టింది. వేల పడవలు పనిచేసినా నీటి మీద నుంచి స్కిమ్మర్లు (తేలే చమురును ఎత్తే యంత్రాలు) తీయగలిగింది అందులో 3-4 శాతమే. అందుకే మొదటి గంటల్లో మన చూపంతా ఒక్క దాని మీదే ఉండాలి: తెట్టు మొగలోకి (ఏరు సముద్రంలో కలిసే చోటు), ఉప్పుటేట్లోకి, మడ అడవిలోకి దూరకూడదు.

అపోహ: ఏడు రంగులు మెరుస్తున్నాయంటే చాలా చమురు పడినట్టే

రంగులు కనిపిస్తున్నాయంటే పొర చాలా పలచనన్నమాట. వెండిలా మెరిసే పొర మందం 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంద్రధనుస్సు రంగులుంటే 0.3 నుంచి 5 మైక్రాన్లు. 0.3 మైక్రాన్ల మందంలో ఒక్క లీటరు చమురు 3,300 చదరపు మీటర్లు, అంటే 80 సెంట్ల పైచిలుకు పరుచుకుంటుంది. అక్కడికి స్కిమ్మర్ పంపితే దొరికేవి నీళ్లే. చమురు తన అసలు రంగులో, నల్లగానో గోధుమగానో, ముక్కలుముక్కలుగా కనిపిస్తే 50 మైక్రాన్లు దాటినట్టు. ఎడతెగకుండా నల్లగా ఉంటే 200 దాటినట్టు. పడవలు వెళ్లాల్సింది అక్కడికి. పడవలో నిలబడితే ఆ నలుపు ఎక్కడుందో సరిగా తెలియదు, డ్రోనో హెలికాప్టరో పైనుంచి చూసి దారి చెప్పాలి.

తెట్టు ఎటు పోతుందో కూడా అప్పుడే లెక్క వేసుకోవాలి. ప్రవాహంతో పూర్తి వేగంలోనూ, గాలి వేగంలో సుమారు 3 శాతంతోనూ అది కదులుతుంది. 20 నాట్ల గాలి, అంటే గంటకు 37 కిలోమీటర్లది, నిలకడగా వీస్తే, ప్రవాహం లేకపోయినా రోజుకు సుమారు 27 కిలోమీటర్లు పోతుంది.

అపోహ: బూమ్ అడ్డంగా వేస్తే చమురు ఆగిపోతుంది

ఎక్కువ డబ్బు, ఎక్కువ శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. బూమ్ అంటే పైన తేలే గొట్టం, కింద వేలాడే పరదా, పరదా అంచున బరువు గొలుసు. నిలకడ నీటిలో బాగా పనిచేస్తుంది. ప్రవాహానికి అడ్డంగా కట్టినప్పుడు నీటి వేగం 0.7 నాటు, అంటే గంటకు 1.3 కిలోమీటర్లు దాటితే మాత్రం చమురు బొట్లుబొట్లుగా విడి పరదా కింద నుంచి జారిపోతుంది. మనిషి తీరిగ్గా నడిచే వేగంలో అది సగం కూడా లేదు. పరదా ఇంకా లోతుగా ఉన్న బూమ్ తెస్తే ఆగుతుందనుకుంటారు, ఆగదు. నీటి వేగమే చమురును కిందికి లాగుతోంది కదా. పైగా లోతు పెరిగిన కొద్దీ బూమ్ మీద పడే బలమూ పెరుగుతుంది.

ఆ బలం ఎంతో చూడండి. 0.6 మీటర్ల పరదా ఉన్న 100 మీటర్ల బూమ్ మీద అర నాటు ప్రవాహంలో సుమారు 390 కిలోల లాగుడు పడుతుంది. ఒక నాటుకు అది 1,560 కిలోలు. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు. ఒడ్డున కొబ్బరి చెట్టుకు కట్టిన నైలాన్ తాడు ఎందుకు తెగిందో ఇక అడగక్కర్లేదు.

మొగలో పాటు సమయంలో, అంటే నీరు సముద్రంలోకి తీసేటప్పుడు, ప్రవాహం 2 నాట్లు ఉందనుకోండి. బూమ్‌ను అడ్డంగా కాకుండా ప్రవాహ దిశకు 20 డిగ్రీల ఏటవాలుగా వేయాలి. 1.5 నాట్లయితే 28 డిగ్రీలు, 1 నాటయితే 45 డిగ్రీల వరకు సరిపోతుంది. అప్పుడు చమురు బూమ్ వెంట జారుతూ ఒడ్డువార నెమ్మదిగా ఉన్న నీటిలోకి చేరుతుంది. స్కిమ్మర్ పెట్టాల్సిన చోటు అదే. దీనికి బూమ్ ఎక్కువ కావాలి: 50 మీటర్ల వెడల్పున్న ఏటికి 20 డిగ్రీల దగ్గర దాదాపు 150 మీటర్లు. మొగ వెడల్పు కొలిచి అంతే బూమ్ తెప్పించుకుంటే చాలదని మొదటి పాటుకే తెలిసిపోతుంది.

లంగరు తాడు పొడవు నీటి లోతుకు కనీసం 3 రెట్లుండాలి. తాడును నేరుగా బూమ్‌కు కట్టేస్తే పోటులో బూమ్ నీటిలో మునుగుతుంది, మధ్యలో ఒక బోయా ఉండాలి. బూమ్ ఒడ్డును తాకే చోటును ప్రతి ఆటుపోటుకూ వెళ్లి చూడాలి. నీరు తీయగానే బురద మీద బూమ్ వాలిపోయి జానెడు సందు ఏర్పడుతుంది, రాత్రంతా చమురు అందులోంచే పోతుంది. ఇసుక బస్తాలతో ఆ సందు మూయాలి.

పంట కాలువకో డ్రెయిన్‌కో అయితే బూమ్ కన్నా మట్టికట్ట మేలు. కట్టలో పీవీసీ పైపులు ఏటవాలుగా పెట్టండి. ఎగువ మూతి అడుగున, దిగువ మూతి పైన ఉండాలి. అడుగు నీరు పైపులోంచి దిగువకు పోతుంది, పైన తేలే డీజిల్ కట్ట దగ్గరే నిలుస్తుంది. కట్ట తెగకుండా ఉండాలంటే పైపుల్లో పోయే నీరు వచ్చే నీటికి సరిపోవాలి, ముందే చూసుకోండి.

అపోహ: ఏ చమురైనా ముందు చుట్టూ కట్టేయాలి

పెట్రోలును కట్టకూడదు. కట్టి ఒక్కచోట చేర్చితే దాని పైన ఆవిరి పేరుకుంటుంది, పడవ ఇంజన్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. జనాన్ని గాలికి ఎదురు దిక్కుకు దూరంగా పంపి ఆవిరి కానివ్వాలి. నీటి మీద పలచగా పరుచుకున్న పెట్రోలు చాలావరకు గంటల్లోనే పోతుంది. ట్యాంకర్ బోల్తా పడినప్పుడు క్యాన్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లను ఆపడమే అక్కడ మొదటి పని. తాజా ముడిచమురు దగ్గర కూడా గ్యాస్ మీటరుతో బెంజీన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువులు ఎంతున్నాయో చూశాకే మనుషుల్ని దించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కాబట్టి వాసన లేదని ధైర్యపడవద్దు.

అపోహ: సబ్బునీళ్లో డిస్పర్సెంటో చల్లితే చమురు మాయమవుతుంది

కంటికి కనబడకుండా పోతుంది, నీటిలోనే ఉంటుంది. డిస్పర్సెంట్ చమురును సన్నని బొట్లుగా విడగొట్టి నీటి లోపలికి పంపుతుంది. లోతైన, అలలున్న సముద్రంలో ఆ బొట్లు పలచబడి సూక్ష్మజీవులకు అందుతాయి. అక్కడ అది మంచి ఆయుధమే. లోతు తక్కువ ఉన్న ఉప్పుటేట్లో, రొయ్యల చెరువులకు నీరు తోడే కాలువ దగ్గర, పగడపు దిబ్బల మీద మాత్రం విషాన్ని పైనుంచి తీసి చేపల నోటికి అందించినట్టవుతుంది.

సాధారణ మోతాదు 20 పాళ్ల చమురుకు 1 పాలు. చమురు చల్లబడి చిక్కబడ్డాక, నీటిని పట్టుకుని ముద్దయ్యాక చల్లితే మందు ఒలికిపోవడం తప్ప ప్రయోజనం లేదు. అవకాశం గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. మన సముద్రంలో కోస్ట్ గార్డ్ అనుమతి లేకుండా వాడకూడదు. గిన్నెలు తోమే సబ్బు, సర్ఫ్ అసలే వద్దు. 1967లో బ్రిటన్ నైరుతి తీరాన టోరీ కాన్యన్ ఓడ పగిలినప్పుడు సుమారు 10,000 టన్నుల పారిశ్రామిక డిటర్జెంట్లు కుమ్మరించారు. రాళ్లను పట్టుకుని బతికే నత్తలు వాటికే ఎక్కువ చచ్చాయి. డిటర్జెంట్ చల్లకుండా వదిలేసిన ఒడ్డులే ముందుగా కోలుకున్నాయి.

అపోహ: పెద్ద మోటారు పెట్టి తోడేస్తే అయిపోతుంది

2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర కామరాజర్ రేవు బయట రెండు ఓడలు గుద్దుకుని ఫర్నేస్ ఆయిల్ (ఓడలకు వాడే బరువైన ఇంధన చమురు) ఒలికింది. మురుగు తోడే సూపర్ సక్కర్ లారీలు దాని మీద పెద్దగా పనిచేయలేదు. మత్స్యకారులు, విద్యార్థులు, కూలీలు బకెట్లతో ఎత్తిపోశారు. మోటారు అశ్వశక్తి తక్కువై ఇలా జరగలేదు. బరువైన చమురు అలల్లో చిలికినప్పుడు 70-80 శాతం దాకా నీటిని తనలో పట్టేసుకుంటుంది. చల్లారి గట్టిపడిన రాగి అంబలిలా, గోధుమరంగు ముద్దలా మారుతుంది. టన్ను చమురు మూడు నుంచి ఐదు టన్నుల ముద్ద అవుతుంది. గొట్టం మూతి పెడితే ముద్ద కదలదు, పక్కనున్న పలచని నీరు ముందు దూరుతుంది, ట్యాంకరు నీటితో నిండుతుంది.

ఇలాంటి చమురుకు బ్రష్ స్కిమ్మర్ కావాలి. ముద్ద కుచ్చులకు అతుక్కుని పైకి వస్తుంది, దువ్వెన దాన్ని గీకి తొట్టిలో వేస్తుంది. డీజిల్ లాంటి పలచని చమురుకు డిస్క్, డ్రమ్ రకాలు బాగుంటాయి. ఏ రకమైనా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడితే ఆగిపోతుంది, ముందు చెత్త ఏరే మనిషిని పెట్టండి. తీసిన దాన్ని పోయడానికి తొట్టెలు ముందే ఉండాలి. చాలాచోట్ల పని ఆగేది తోడలేక కాదు, తోడింది ఎక్కడ పోయాలో తెలియక.

గడ్డి, కొబ్బరి పీచు, జుట్టు గురించి రెండు మాటలు. చమురు పీలుస్తాయి, నిజమే. నీటినీ పీల్చి కొంతసేపటికి మునుగుతాయి. చల్లిన ప్రతి కిలోనూ మళ్లీ ఏరాలి. వలగుడ్డలో గట్టిగా కూరి కట్టి, చివరి పలచని పొరకు మాత్రమే వాడండి.

అపోహ: తగలబెడితే పీడా పోతుంది

పొర కనీసం 2-3 మిల్లీమీటర్ల మందం ఉండాలి, లేకపోతే కింది నీరు వేడిని లాగేసి మంట ఆరిపోతుంది. అంత మందం రావాలంటే నిప్పుకు తట్టుకునే బూమ్‌తో రెండు పడవలు లాగాలి. నీరు 25 శాతం దాటి కలిసిన చమురు అంటుకోవడమే కష్టం. ఊళ్లకు, రేవులకు దగ్గర్లో ఆ ఆలోచనే వద్దు.

అపోహ: ఒడ్డు తళతళలాడే దాకా కడగాలి

1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ చమురు ఓడ ప్రమాదం తర్వాత రాతి ఒడ్డులను వేడినీటి జెట్లతో కడిగారు. చూడటానికి శుభ్రపడ్డాయి. చమురుకు బతికి బయటపడ్డ జీవాలు వేడికి ఉడికిపోయాయి, కొంత చమురు రాళ్ల అడుగుకు దిగింది. దశాబ్దం దాటాక కూడా ఆ గులకరాళ్ల కింద తవ్వితే చమురు కనిపించింది.

మడ అడవిలో ఈ తప్పు ఇంకా ఖరీదైనది. కోరింగ లాంటి చోట బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన వేళ్లే చెట్టుకు ముక్కు. వాటికి చమురు పూత పడితే చెట్టుకు ఊపిరాడదు. సాయం చేద్దామని పదిమంది లోపలికి దిగితే ఒక్కో అడుగూ చమురును గాలి అందని బురదలోకి తొక్కుతుంది, అక్కడది ఏళ్లపాటు ఉంటుంది. మనుషులు దిగకూడదు, కొమ్మలు నరకకూడదు. పాటు మొదలైనప్పుడు పడవ మీద నుంచే సముద్రపు నీటిని మెల్లగా, జెట్ లేకుండా, వేళ్ల మీద పారించి, బయటికొచ్చిన చమురును అంచున బూమ్‌తో పట్టుకోవాలి. అదీ కుదరకపోతే వదిలేయడమే మంచిది.

ఇసుక తీరంలో పార, తట్టలతో పై పొర మాత్రమే ఎత్తండి. జేసీబీ దింపితే శుభ్రమైన ఇసుక, చమురు కలిసి పదింతల చెత్త తయారవుతుంది. 1999లో ఫ్రాన్స్ తీరాన ఎరికా ఓడ నుంచి ఒలికింది సుమారు 20,000 టన్నులు, పోగైన చెత్త 2 లక్షల టన్నులు. సంచి సగమే నింపండి, 10-15 కిలోలు దాటితే మోసేటప్పుడు చిరుగుతుంది. ద్రవం, ఇసుక, గ్లవ్స్-గుడ్డ పీలికలు మూడూ వేర్వేరుగా పెట్టండి. కలిపితే ఏదీ శుద్ధి కాదు. ఎండలో ప్లాస్టిక్ సంచులు త్వరగా పెళుసెక్కుతాయి, కాబట్టి షీటు పరిచిన గుంటలో, నీడన ఉంచండి. రోజూ ఎంతమంది, ఎన్ని గంటలు, ఎన్ని సంచులు అన్నది ఫొటోలతో రాసి పెట్టుకుంటేనే నష్టపరిహారం అడగ్గలుగుతారు.

అపోహ: చమురు తినే బ్యాక్టీరియా చల్లితే చాలు

మందమైన ముద్ద మీద అవి ఏమీ చేయలేవు. వాటికి గాలి, నత్రజని, భాస్వరం, వారాలు నెలల సమయం కావాలి. ఎత్తగలిగింది ఎత్తాక మిగిలిన మరకకు, గుంటల్లో చేర్చిన చమురు ఇసుకకు పనికొస్తాయి.

అపోహ: చమురు ఒలికేది పెద్ద ఓడలు గుద్దుకున్నప్పుడే

వార్తల్లోకి వచ్చేవి అవే. జెట్టీల దగ్గర నీళ్లు రోజూ రంగులు తేలడానికి కారణం డీజిల్ నింపేటప్పుడు పొంగడం, ఇంజన్ కింద చేరిన నూనె నీటిని రాత్రిపూట బయటికి పంపు చేయడం. రెండూ ఆపగలిగినవే. నింపే ముందు డెక్ మీది కారుడు రంధ్రాలకు బిరడాలు కొట్టండి, గాలి గొట్టం కింద ట్రే పెట్టండి, ట్యాంకులో కొలకర్ర దించి చూడండి. మొదట నెమ్మదిగా తెరవండి, 90 శాతం దగ్గర ఆపేయండి. వాల్వు దగ్గర మనిషి కదలకూడదు. తెల్లవారుజామున నిండుగా నింపిన 1,000 లీటర్ల డీజిల్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 లీటర్లు పెరుగుతుంది. ఆ 8 లీటర్లు ఆరెకరాల నీటి మీద మెరుస్తాయి. ఇంజన్ కింద ట్రే, అందులో పాలీప్రొపిలీన్ ప్యాడ్, ఒడ్డున వాడిన ఆయిల్‌కు ఒక డ్రమ్ము ఉంటే రెండో కారణమూ పోతుంది.

తెట్టు కంటపడితే సముద్రంలో కోస్ట్ గార్డ్‌కు 1554 నంబరులో, రేవు లోపలైతే రేవు కంట్రోల్ రూముకు చెప్పండి. చూసిన టైము, జీపీఎస్ అంకెలు, రంగు, పొడవు వెడల్పుల అంచనా, గాలి ఎటునుంచి వీస్తోంది, పోటా పాటా, దగ్గర్లో ఏ మొగ ఉంది: ఈ ఏడూ చెబితే బూమ్ బయల్దేరే ముందే ఎక్కడ, ఏ కోణంలో వేయాలో తేల్చుకోవచ్చు.