ఊపిరి ఎక్కడి నుంచి తీసుకుంటోంది?

ఎండాకాలంలో కాలువలు కట్టేశాక విజయవాడలో రైవస్ కాలువ గట్టున ఒక పది నిమిషాలు నిలబడండి. బ్యారేజీ నుంచి నీళ్లొచ్చే రోజుల్లో కనబడనివన్నీ అప్పుడు బయటపడతాయి. అడుగున నల్లటి బురద, కవర్లు, ఎండిపోయిన గుర్రపుడెక్క, ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలిసే మురుగు, అక్కడక్కడా మిగిలిన మడుగులు. ఆ మడుగుల్లో పిల్లలు చేపలు పడుతుంటారు.

"చేపలున్నాయంటే నీళ్లు బాగానే ఉన్నట్టేగా మేష్టారూ?" అని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగింది.

బ్యాచ్ అంటే పెద్దదేం కాదు. ఆదివారం పొద్దున ఆరింటికి గట్టు మీద చేరే పది, పన్నెండు మంది. డిగ్రీ పిల్లలు, ఇద్దరు గృహిణులు, రిటైరైన ఒక లైన్‌మన్, చిన్నప్పటి నుంచీ కృష్ణలో వల వేస్తున్న ఒక పెద్దాయన. నదిలో ఏ జీవాలున్నాయో చూడటం, లెక్కపెట్టడం, రాయడం, ఇదీ శిక్షణ. ఆ అమ్మాయికి జవాబు నేను చెప్పేలోపే పెద్దాయన చెప్పేశాడు.

"అయ్యి కొరమీను పిల్లలమ్మా. వాటికి నీళ్లు బాగుండక్కర్లా. పైకొచ్చి గాలి మింగి పోతయ్యి."

నేను బోర్డు మీద అరగంట చెప్పినా ఇంత సూటిగా వచ్చేది కాదు. శుభ్రమైన నీళ్లలో కూడా ప్రాణవాయువు ఉండేది చాలా తక్కువ. 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీళ్లలో మహా అయితే 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. మన ఊరి ఎండలకి నీళ్లు మొదలే పేదవన్నమాట. అందులోకి మురుగు వచ్చి పడితే దాన్ని తినే బ్యాక్టీరియా పెరిగి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేసుకుంటుంది. లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గితే చాలా చేపలకి ఇబ్బంది మొదలవుతుంది, 2 దాకా వస్తే చచ్చి తేలిపోతాయి. నాచు, మొక్కలు రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వవు, పైగా తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున పరిస్థితి మరీ కనాకష్టం. మేం ఆరింటికి వెళ్లేది అందుకే. చేపలు నోళ్లు తెరుచుకుని నీటి అంచున కొట్టుకులాడేది ఆ వేళే. పది గంటలకి వెళితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అయితే కొరమీను, ఇంగిలీకం, మార్పు లాంటివి పైకొచ్చి గాలి పీల్చగలవు. దోమ పిల్లలు తోక దగ్గరున్న గొట్టాన్ని పైకి పెట్టి గాలి తీసుకుంటాయి. వలలు చింపేసి మత్స్యకారుల్ని ఏడిపిస్తున్న డెవిల్ ఫిష్ ఉంది చూశారూ, ఒళ్లంతా ముళ్ల కవచంతో ఉండేది, అది గాలి మింగి ఏకంగా పొట్టతోనే ఊపిరి తీసుకోగలదు. దక్షిణ అమెరికాలో పుట్టి, అక్వేరియంలలో అద్దానికి పట్టిన పాచి తింటుందని మనింటికొచ్చి, పెద్దదయ్యాక ఎవరో కాలువలో వదిలేస్తే ఇక్కడే కాపురం పెట్టింది. గట్లకి బొరియలు తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. కాలువ గట్ల మీద బతికే ఊరికి ఇది చిన్న విషయం కాదు.

అందుకని మా దగ్గర ఏ జీవి కనబడినా పేరు తర్వాత, ముందు ఒకటే ప్రశ్న: ఇది ఊపిరి ఎక్కడి నుంచి తీసుకుంటోంది? గాలి పీల్చేవి ఎన్ని ఉన్నా నీళ్ల సంగతి తెలియదు. నీళ్లలోని ఆక్సిజన్ మీదే బతికేవి ఉన్నాయా లేవా అన్నది చూడాలి.

దీనికి కావాల్సిన సామాను టీ వడకట్టే స్ట్రైనర్, తెల్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక భూతద్దం. గట్టు వారన గడ్డి మొదళ్లలో స్ట్రైనర్ ఆడించి, వచ్చినదాన్ని టబ్బులో నీళ్లలో దులపాలి. మొదట అంతా బురదే. తొందరపడకుండా రెండు నిమిషాలు కదలకుండా చూస్తే, బురదలో ఒక ముక్క నడవడం మొదలుపెడుతుంది. అది తూనీగ పిల్ల. రెక్కల్లేవు, రంగు మట్టిరంగు, చూడటానికి సాలీడుకీ మిడతకీ మధ్యరకం. దాని మొప్పలు ఉండేది పొట్ట చివర, లోపల. వెనక నుంచి నీళ్లు లాక్కుని, అందులోని ఆక్సిజన్ తీసుకుని, మళ్లీ వెనక్కే వదులుతుంది. భయపడితే ఆ నీళ్లనే గట్టిగా చిమ్మి రాకెట్‌లా ముందుకి దూసుకుపోతుంది. దవడ కింద మడిచిపెట్టిన చెయ్యి లాంటిది ఒకటి ఉంటుంది. దోమ పిల్ల దగ్గరికి రాగానే రెప్పపాటులో దాన్ని చాచి పట్టేస్తుంది. ఒకసారి టబ్బులో మా కళ్ల ముందే పట్టింది. లైన్‌మన్ గారు "ఇదేదో కార్పొరేషన్ ఫాగింగ్ మిషన్ కంటే నయం" అన్నారు.

అదే టబ్బులో సన్నటి ఎర్ర పురుగులు మెలికలు తిరుగుతుంటే మాత్రం సంతోషించక్కర్లేదు. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. ఆక్సిజన్ దాదాపు లేని బురదలోనూ దాంతో నెట్టుకొస్తాయి. మిగతావన్నీ పోయి ఇవే గుంపులుగా మిగిలాయంటే ఆ చోటు ఊపిరాడని చోటు.

ఈ లెక్కకి ఒక పద్ధతి ఉంది. 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో పురుగుల కుటుంబాలకి 1 నుంచి 10 దాకా మార్కులేశారు. మురికి తట్టుకునే వానపాము జాతికి 1, ఎర్ర పురుగులకి 2, తూనీగ పిల్లలకి 8. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇలాంటి పద్ధతినే మన నదులకి తగ్గట్టు మార్చుకుంది. అక్కడి మార్కులు ఇక్కడ గుడ్డిగా వాడకూడదు, మన వేడి నీళ్లలో కొన్ని తూనీగ రకాలు మురికిని బాగానే ఓర్చుకుంటాయి. అయినా ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. సీసాలో పట్టుకెళ్లిన నీళ్లు ఆ క్షణం సంగతే చెబుతాయి. రాత్రిపూట ఎవరైనా ఏదైనా వదిలేసి పొద్దున్నకి కడిగేసుకుంటే సీసాకి తెలియదు. నెలల తరబడి అక్కడే బతకాల్సిన పురుగుకి తెలుస్తుంది.

పేర్లు నేర్పడం కష్టమనుకుంటారు గానీ, అసలు కష్టం సున్నా రాయించడం. ఇరవై నిమిషాలు వెతికి ఏమీ దొరక్కపోతే ఎవరికీ రాయబుద్ధి కాదు. "ఏం లేదు కదా సార్, ఏం రాయాలి?" అంటారు. మా మొదటి మూడు నెలల నోట్‌బుక్కులు అందుకే పనికిరాకుండా పోయాయి, తప్పు నాదే. దొరికిన రోజులే రాశాం. చదివినవాళ్లెవరికైనా రైవస్ కాలువ నిండా తూనీగలే అనిపిస్తుంది. ఎక్కడ, ఎంతసేపు, ఎంతమంది వెతికారు అన్నది లేకపోతే దొరికిన అంకెకి విలువ లేదు. పక్షులు చూసేవాళ్లు వాడే ఇ-బర్డ్‌లో చివర "గుర్తుపట్టినవన్నీ రాశారా?" అని అడిగేది ఇందుకే. అలాగే "తెలియదు" అని రాయడం. కాలేజీ పిల్లలకి అదొక నామోషీ. పెద్దాయనకి ఆ బాధ లేదు, "ఇది మా వైపు చేప కాదు" అని పక్కన పెట్టేస్తాడు.

మన ఊరు నదిని క్యూసెక్కుల్లోనే చదువుతుంది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారిన రోజు అందరం ఆ అంకెనే జపించాం. ఇటు బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది. కృష్ణలంక రిటైనింగ్ వాల్ ఆ రోజు కొన్ని వేల ఇళ్లని కాపాడింది, దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ప్రతి గట్టుకీ కాంక్రీటే వైద్యం కాదు. సన్నగా ఉండే సూది తూనీగలు మొక్కల కాడల్లో గాటు పెట్టి గుడ్లు దాస్తాయి. సిమెంటు వాలులో అవి గుడ్లెక్కడ పెట్టాలి? గోడ అవసరం లేని చోట రెండు గజాల గడ్డి వదిలేయడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

కాగితాల మీద దారులు లేకపోలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, స్థానికులతో కలిసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. 2021 నవంబర్‌లో 30 నగరాలతో మొదలైన రివర్ సిటీస్ అలయన్స్‌లో, అంటే నది ఒడ్డు నగరాల కూటమిలో, విజయవాడ కూడా ఉంది. రిజిస్టర్ నింపాల్సింది మాత్రం గట్టు మీద తిరిగేవాళ్లే.

జనం పూనుకుంటే ఏమవుతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఉంది. ఉన్న కొద్దిపాటి తుమ్మచెట్ల మీద గూడబాతులు, కొంగలు చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటూ గూళ్లు కడతాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, పోనివ్వరు.

రావాలనుకునేవాళ్లకి ఒకటి రెండు మాటలు. చేతికో కాలికో పుండు ఉంటే నీళ్లలో దిగొద్దు, మురుగు నీళ్లతో ఎలుక జ్వరం వస్తుంది. ఇంటికెళ్లగానే సబ్బుతో కడుక్కోండి. పట్టినవన్నీ అక్కడే వదిలేయాలి, డెవిల్ ఫిష్ తప్ప. కాలువలకి నీళ్లు వదిలిన కొత్తలో రావద్దు, నీళ్లు ఎర్రగా, జోరుగా ఉంటాయి, ఏమీ కనబడదు. కాస్త తేరుకున్నాక రండి. మీ స్ట్రైనర్ మీరే తెచ్చుకోండి, మా ఇంట్లోది ఇక ఇవ్వనన్నారు.