పేగుపూత ఉన్న తల్లి, పుట్టగానే వేసే బీసీజీ

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా పిన్ని కూతురికి మూడో నెల అని తెలియగానే వాళ్ల అత్తగారు మందుల సంచి తీసి అటక మీద పెట్టేశారు. "ఇన్ని బిళ్లలు మింగితే పిల్లకి వేడి సేస్తాదే" అన్నారు. ప్రేమతోనే అన్నారు. చెల్లికి పెద్దపేగు పూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్. రెండు నెలలకోసారి విశాఖ వెళ్లి ఎక్కించుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుతో ఏడాదిగా నిమ్మళంగా ఉంది. ఈసారి వెళ్లలేదు. కొద్ది వారాలకే రక్త విరేచనాలు తిరగబెట్టాయి. మళ్లీ పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా విశాఖ పరుగు.

ఈ జబ్బులో బిడ్డకి అసలు కీడు పేగులో రగిలే వాపుతోనే. వాపు అణగకపోతే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, ఈ ముప్పులన్నీ పెరుగుతాయి. జబ్బు సద్దుమణిగి 3 నుంచి 6 నెలలు గడిచాక గర్భం దాలిస్తే చాలామందికి కాన్పు సాఫీగానే అవుతుంది. అమెరికాలో ఇలాంటి తల్లుల్ని ఏళ్ల తరబడి గమనించిన పియానో అధ్యయనం 2021లో వెలువడింది. దాదాపు 1,490 గర్భాలు చూశారు. అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు వాడిన తల్లుల పిల్లల్లో పుట్టుక లోపాలు గానీ, మొదటి ఏడాది ఇన్‌ఫెక్షన్లు గానీ వాడనివాళ్ల పిల్లల్లో కంటే ఎక్కువ కాలేదు. మెథోట్రెక్సేట్ అనే మందు మాత్రం వేరు. అది బిడ్డకి నిజంగానే చేటు, గర్భం అనుకోవడానికి కనీసం 3 నెలల ముందే డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక యాంటీబాడీ, అంటే ఒంట్లో రోగాలతో పోరాడే ప్రోటీన్ల లాంటిది. తల్లి యాంటీబాడీలని మాయ బిడ్డకి అందిస్తుంది, చివరి మూడు నెలల్లో మరీ జోరుగా. వాటితోపాటే ఈ మందూ వెళ్తుంది. పుట్టాక ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా బిడ్డ రక్తంలో ఉంటుంది.

మన దగ్గర పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తారు. అందులో ఉండేది బలం తగ్గించిన, బతికున్న సూక్ష్మజీవి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న ఒక తల్లి బిడ్డ, బీసీజీ సూక్ష్మజీవి ఒళ్లంతా పాకి నాలుగున్నర నెలలకి చనిపోయినట్టు 2010లో వైద్య పత్రికలో వచ్చింది. అందుకే ఇలాంటి మందులు వాడిన తల్లుల బిడ్డలకి బీసీజీ కనీసం 6 నెలలు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే ఏడాది ఆపమంటారు. పోలియో చుక్కలు, రోటావైరస్ కూడా బతికున్నవే, పిల్లల డాక్టరుని అడక్కుండా వేయించకూడదు. బతికున్న సూక్ష్మజీవి లేని పెంటావలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా) లాంటివి వేళకి పడాల్సిందే. బీసీజీ ఆపినన్నాళ్లూ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. క్షయ తిరిగే ఊళ్లు మనవి.

సరిహద్దులో నాకు గుబులు పుట్టించింది ఇంకొకటి. గర్భిణి కార్డు ఒడియాలో, విశాఖ చీటీ ఇంగ్లీషులో, చెల్లి మాట తెలుగు. కాన్పు గదిలో నర్సుకి ఇవన్నీ ఎవరు చెబుతారు? డాక్టరు రాసిచ్చిన మాటనే ఆశా దీదీ చేత ఒడియాలోనూ రాయించి కార్డు మొదటి పేజీకి పిన్ను కొట్టాం: తల్లి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతోంది, బిడ్డకి బీసీజీ, చుక్కలు ఇప్పుడు వద్దు.

పాప పుట్టాక నర్సు ఆ కాగితం రెండుసార్లు చదివి, సిరంజి ట్రేలో పెట్టేసింది. పాలివ్వొచ్చా అని చెల్లి భయపడింది. పాలలోకి ఆ మందు దిగేది ఇసుమంత, అదీ పిల్ల కడుపులో అరిగిపోతుంది. గంట తిరక్కుండానే పాప పాలు తాగింది.