ఒక్క ఉప్పుమడి, మూడు వంశాలు

పోయిన వేసవిలో టెక్కలి నుంచి ఒక పాత శిష్యుడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, నౌపడ మడుల్లో నీరు ఎర్రగా అయిపోనాదండి. మా అమ్మ అమ్మోరి కోపమంటంది. మా బావ ఎక్కడిదో ఫ్యాక్టరీ రంగంటన్నాడు. మీరేటంటారు?"

ఆ పెద్దావిడను నేను తప్పుపట్టను. కంటికి కనబడిన మార్పుకు ఒక కర్తను వెతికింది, అంతే. ఆమె పొరపాటల్లా కర్త ఒక్కరే అనుకోవడం. బావగారి పొరపాటూ అదే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మడిలో ఎండి ఎండి, ఉప్పు పేరుకునే వేళకు అది 300 గ్రాములు దాటుతుంది. అంత చిక్కటి నీటిలో ఏం బతుకుతుందని మనం అనుకుంటాం. ఎండలు ముదిరాక అందులో మిల్లీలీటరుకు కోట్ల కణాలుంటాయి. ఎరుపంతా వాటిదే. ఆ ఎరుపునిచ్చేవి క్యారెట్‌లో ఉండే రంగుకు దగ్గరి చుట్టమైన పదార్థాలు, తీవ్రమైన ఎండ నుంచి కణాన్ని కాపాడతాయి. ఎర్రబడిన నీరు వేడిని ఎక్కువ పీల్చుకుని త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఉప్పు రైతుకు లాభమే తప్ప నష్టం లేదు.

నాకు ఆసక్తి రంగు మీద కాదు, రంగు వేసుకున్న వాళ్ల మీద. ప్రపంచంలో ఇలాంటి ఉప్పుమడులను పరీక్షించిన చోట్ల ముఖ్యంగా ముగ్గురు దొరికారు. ఒకటి డ్యునాలియెల్లా, ఏకకణ నాచు. దాని కణంలో కేంద్రకం ఉంది, కాబట్టి అది మన జట్టు. రెండోది హాలోబాక్టీరియం, దాని దాయాదులు. మూడోది సాలినిబాక్టర్. ఇది స్పెయిన్ ఉప్పుమడుల్లో దొరికింది, 2002లో పేరు పెట్టారు. ముగ్గురూ ఎరుపే. చివరి రెండింటినీ మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే రెండూ చిన్న కడ్డీలే. పేర్లు చూస్తే రెండూ బాక్టీరియాలే. కానీ ఒకటే బాక్టీరియా. హాలోబాక్టీరియం పేరులో బాక్టీరియం ఉన్నా అది బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వంశం. పేరు ముందు పెట్టేశారు, వంశం తర్వాత తెలిసింది. అప్పటికే పేరు పాతుకుపోయింది.

మరి వంశం ఎలా తెలిసింది? కడ్డీలు, గోళాలు, మెలికలు, 1884 నాటి గ్రామ్ రంగుపరీక్ష, ఊదా, గులాబీ: ఈ బట్టీ మీరందరూ పట్టారు, నేనూ పట్టించాను. అదంతా బట్టలు చూసి మనిషి ఊరు చెప్పడం లాంటిది. మళ్లీ చెప్పను.

మన్యంలో ఏదైనా వారపు సంతకు వెళ్లండి. చింతపండు కుప్ప పోసుకున్న ఒకామె, కొండచీపుర్లు పెట్టుకున్న ఇంకొకామె పక్కపక్కనే కూర్చుంటారు. కట్టు చూసి ఏమీ చెప్పలేం. మాట వింటే తెలుస్తుంది, ఒకామెది తెలుగు, ఇంకొకామెది సవర. ఇరుగుపొరుగు భాషలే కదా, కొంచెం యాస తేడా ఉంటుందేమో అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నీటిని మనం నీరంటాం, కన్నడిగులూ నీరే అంటారు, తమిళులు నీర్ అంటారు. సవరలు 'డా' అంటారు. దాని చుట్టం ఎక్కడుందంటే జార్ఖండ్‌లో, సంతాలీల 'దాక్'. ఇంకా తవ్వుకుంటూ పోతే ఆ వంశం కొమ్మ ఒకటి కాంబోడియాలో ఖ్మేర్ భాష దగ్గర తేలుతుంది. పక్కింటి తెలుగు చుట్టం కాదు, సముద్రం అవతలి ఖ్మేర్ చుట్టం! పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఇక్కడ ఒక నమస్కారం. (నేను చెబుతున్నది భాషల వంశం. మనుషుల పుట్టుక, రక్తం గురించి కాదు. ఆ రెండూ కలిపేసే పెద్దమనుషులు మన జిల్లాల్లోనూ ఉన్నారు.)

భాషకు నీరు, కన్ను, నేను, నువ్వు ఎలాంటివో కణానికి రైబోసోము అలాంటిది. సంతలో పనికొచ్చే మాటలు, అంటే దుకాణం, బస్సు, పెన్సను, ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చుకోవచ్చు. సవరలో తెలుగు మాటలున్నాయి, ఒడియా మాటలున్నాయి. ఇంట్లో రోజూ నలిగే మాటలు మాత్రం అంత సులువుగా మారవు. రైబోసోము ప్రొటీన్లు తయారుచేసే యంత్రం, అది లేని జీవి లేదు. అందులోని 16ఎస్ అనే ఆర్.ఎన్.ఏ. పోగు మన పేగుల్లోని ఈ-కోలై బాక్టీరియాలో 1542 అక్షరాల (నాలుగు రకాల రసాయన ముక్కలను అక్షరాలంటున్నాను) పొడవుంటుంది. బాక్టీరియాలో మొత్తం యంత్రానికి యాభై పైచిలుకు ప్రొటీన్లు. అన్నీ ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. బయటి ముక్క తెచ్చి ఇరికిస్తే యంత్రమే ఆగుతుంది. అందుకే ఆ అక్షరాలు చాలా నెమ్మదిగా, తరతరాలుగా, ఒకటీ అరా మారుతూ వచ్చాయి.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్ ఈ మాటలే ఏరాడు. అప్పట్లో అక్షరాలన్నీ వరసగా చదివే యంత్రాల్లేవు. సూక్ష్మజీవికి రేడియోధార్మిక భాస్వరం మేపి, 16ఎస్ పోగును వేరుచేసి, 'జి' అక్షరం వచ్చిన ప్రతిచోటా కోసే ఎంజైముతో ముక్కలు చేసి, ఆ ముక్కలను విద్యుత్తుతో పరిచి, ఫిల్ము మీద పడిన నల్లచుక్కలను లైటుబల్ల మీద పెట్టి చూడాలి. ఒక్కో జీవికీ ఒక ముక్కల పట్టిక. ఏళ్ల తరబడి ఇదే పని. మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల వంతు వచ్చినప్పుడు, ప్రతి బాక్టీరియాలోనూ తప్పక కనబడే ముక్కలు వాటిలో లేవు. 'నీరు' ఉండాల్సిన చోట 'డా' ఉంది. 1977 నవంబరులో జార్జ్ ఫాక్స్‌తో కలిసి వోస్ ఈ సంగతి ప్రకటిస్తే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. ఒక నోబెల్ గ్రహీత మాత్రం వోస్ సహచరుడికి ఫోన్ చేసి, ఈ గొడవకు దూరంగా ఉండు, పరువు పోతుందని హెచ్చరించాడు. మరుసటి ఏడాది ఉప్పుమడి హాలోబాక్టీరియం కూడా ఆ కొత్త వంశంలోనే తేలింది. 1990లో మూడు అధివంశాల పేర్లు ఖాయమయ్యాయి: బాక్టీరియా, ఆర్కియా, మనమున్న యూకారియా. మన జన్యువులను చదివే ఎంజైము బాక్టీరియా ఎంజైము కంటే ఆర్కియా ఎంజైమునే ఎక్కువ పోలి ఉంటుంది. నేను పాఠం చెప్పిన పుస్తకాల్లో మాత్రం ఆర్కియా ఎప్పుడూ 'మొనీరా' అనే, కేంద్రకం లేని జీవులన్నిటినీ ఒకే గంపకెత్తిన అధ్యాయం చివర్లో, బాక్టీరియాల్లో ఒక చిల్లర రకంగా, అయిదు పంక్తుల్లో ముగిసేది.

ఇప్పుడు మళ్లీ మడిలోకి. ఉప్పునీటిలో కణం ఊరగాయలో ముక్కలా వడలిపోవాలి, నీరంతా బయటికి లాగేయబడుతుంది కాబట్టి. హాలోబాక్టీరియం ఉపాయం మొండిది. బయట ఎంత ఉప్పో లోపలా అంత ఉప్పు నింపుకుంటుంది, కాకపోతే సోడియం బదులు పొటాషియం. అంత ఉప్పులో మామూలు ప్రొటీన్లు విరిగిన పాలలా ముద్దకడతాయి. దాని ప్రొటీన్ల పైభాగమంతా ఆమ్ల గుణమున్న భాగాలతో, అంటే రుణావేశంతో, నిండి ఉంటుంది. ఆ ఆవేశం నీటి అణువులను పట్టి ఉంచుతుంది. అలవాటు ఎంత ముదిరిందంటే, దాన్ని మంచినీటిలో వేస్తే పగిలిపోతుంది. మనకు ఉప్పునీరు విషమైతే దానికి బావినీరు విషం.

బాక్టీరియా వంశపు సాలినిబాక్టర్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది! అదే పొటాషియం, అవే ఆమ్ల ప్రొటీన్లు, అదే ఎరుపు. కాంతితో శక్తి పుట్టించే ప్రొటీను 1971లో హాలోబాక్టీరియంలో బయటపడింది. దాని చుట్టం సాలినిబాక్టర్‌లోనూ ఉంది. కొంత ఒకే మడిలో ఒకే ఎండకు కాగి విడివిడిగా వచ్చిన పోలిక, కొంత జన్యువుల ఇచ్చిపుచ్చుకోలు, అంటే సంతమాటలు. కణపొర దగ్గర మాత్రం అసలు గుట్టు బయటపడుతుంది. ఆర్కియా కొవ్వులు ఈథర్ బంధాలతో, బాక్టీరియావి ఎస్టర్ బంధాలతో అతుక్కుంటాయి. వాటి గ్లిసరాల్ ఫాస్ఫేట్ మెలిక కూడా కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఎదురెదురు.

భాష పోలికను ఇంకొంచెం లాగితే ఒక చిక్కుంది. ఒకట్లు రెళ్లు కూడా ఇంటిమాటలే అనుకుంటాం కదా. మా మనవడు ఫోన్ నెంబరు తెలుగులో చెప్పలేడు. అంకెలు మాత్రమే విన్నవాడు వాణ్ని ఇంగ్లీషువాడంటాడు. అందుకే ఇవాళ ఒక్క 16ఎస్‌తో సరిపెట్టకుండా పదుల జన్యువులు కలిపి వంశవృక్షం గీస్తున్నారు.

ఇదంతా ఫోన్లో ముక్కముక్కలుగా చెప్పాను. అంతా విని అతను, "అయితే మాస్టారూ, మా ఇంట్లో ఉప్పుచేప మీద ఎర్రమచ్చలొస్తాయి, అవీ ఇవేనా?" అన్నాడు. అవే, మడి నుంచి ఉప్పుతోపాటు ఇంటికొచ్చినవే. "తినొచ్చా మరి?" మనిషికి జబ్బు చేస్తుందని రుజువైన ఆర్కియా ఇంతవరకూ ఒక్కటీ లేదు. కానీ ఆ ఎరుపు చేప మాంసాన్ని మెత్తబరిచి కంపు కొట్టిస్తుంది, పక్కన ఇంకేవి చేరాయో కంటికి తెలియదు. పారేయమన్నాను. అమ్మ ఒప్పుకోదన్నాడు.