హోటల్ కిచెన్‌లో ఆడవాళ్లు ఎందుకు కనబడరు? అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ కిచెన్‌లో సూ చెఫ్‌ని, అంటే పెద్ద చెఫ్ తర్వాతి స్థానం. అట్టడుగున కమీగా చేరి పద్దెనిమిదేళ్లు దాటింది. పోయిన నెల నల్గొండ వైపు నుంచి ఒకాయన, ఇంటర్ అయిపోయిన కూతుర్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లకి హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలని, అందులోనూ కిచెన్‌లోనే పనిచేయాలని పట్టుదల. ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఆడపిల్లకు ఈ లైన్ నడుస్తదా అమ్మా? అంతటా మగోళ్లే ఉంటరు గదా" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఇంట్లో మూడు పూటలా వండేది ఆడవాళ్లయినప్పుడు, జీతమిచ్చే వంటగదిలో వాళ్లెందుకు లేరు? దీనికి జనం చెప్పే జవాబులు నేను చాలా విన్నాను. ఒక్కొక్కటీ తీసుకుని, నేను చూసింది చెబుతాను.

అపోహ: ఆ బరువులు, ఆ వేడి ఆడవాళ్ల వల్ల కాదు.

వాస్తవం: బ్యాంక్వెట్‌కి దమ్ బిర్యానీ హండీ దింపేటప్పుడు ఒకసారి వచ్చి చూడండి. కడియాలకు మందపాటి పొడి గుడ్డలు చుడతారు. తడిగుడ్డయితే ఆవిరి పుట్టి చెయ్యి కాలుతుంది. ఇద్దరు చెరో పక్క నిలబడి, మోకాళ్లు వంచి, ఒకేసారి లేపుతారు. పెద్ద హండీని ఒక్కడే లేపిన మగవాణ్ని నేను ఇన్నేళ్లలో చూడలేదు. అది ఒడుపుతో చేసే పని. నాకు ఆ ఒడుపు రావడానికి రెండు వారాలు పట్టింది, నాతోపాటు చేరిన అబ్బాయికీ అంతే పట్టింది.

ఇంకో మాట. మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండేది దాదాపు అందరూ ఆడవాళ్లే. కేంద్రం లెక్క ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒకరు, 100 మంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఒకరు. అంటే 300 మంది చదివే బడిలో నలుగురు. చాలాచోట్ల ఇంకా కట్టెల పొయ్యే. ఆ పొగలో నిలబడి అంత అన్నం వండి, పప్పు దించి, పిల్లలకు వడ్డించి, గిన్నెలు కూడా వాళ్లే తోముతారు. దీనికి కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. ఆడవాళ్లు బరువులు మోయలేరన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తురాదు. జీతం పెద్దదైన చోటే గుర్తొస్తుంది.

అపోహ: పెద్ద వంట మొదట్నుంచీ మగవాళ్ల విద్యే. నలభీమ పాకం అన్నారు గానీ ఆడవాళ్ల పేరు చెప్పారా?

వాస్తవం: నలుడు బాహుకుడి పేరుతో ఋతుపర్ణుడి దగ్గర, భీముడు వలలుడి పేరుతో విరాటుడి దగ్గర వండారు. ఇద్దరిదీ రాజుగారి కొలువు, అంటే ఉద్యోగం. అరణ్యవాసంలో వచ్చినవాళ్లందరికీ వడ్డించి ఆఖరున తిన్న ద్రౌపదికి, అదే విరాటుడి ఇంట దొరికిన పని రాణిగారి తల దువ్వడం. ఇది ఇప్పటికీ మారలేదు. పెళ్లి వంటల్లో మేస్త్రీ మగవాడు, కూరలు తరిగేదీ అంట్లు తోమేదీ ఆడవాళ్లు. తిరుమల పోటులో నైవేద్యం తయారీని వకుళమాత చూసుకుంటుందని మన నమ్మకం, వండేది మాత్రం మగవాళ్లే. కోనసీమలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టి అన్నపూర్ణ అనిపించుకున్నారు. ఆడమనిషి వండితే పుణ్యం అంటారు, మగవాడు వండితే పని అంటారు. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

విదేశాల సంగతి చెప్పాలంటే, ఫ్రాన్స్‌లో యూజెనీ బ్రాజియే అనే ఆవిడ లియాన్ నగరంలో ఒకటి, ఆ ఊరి బయట కొండల్లో ఒకటి రెండు హోటళ్లు నడిపి, 1933లో రెండింటికీ మూడేసి మిషెలిన్ స్టార్లు (రెస్టారెంట్లకిచ్చే పెద్ద గుర్తింపు, మూడే అత్యధికం) తెచ్చుకుంది. ప్రపంచమంతా మెచ్చిన చెఫ్ పాల్ బొక్యూజ్ కుర్రతనంలో ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. మన దేశం నుంచి గరిమా అరోరా 2018లో బ్యాంకాక్‌లోని తన రెస్టారెంట్‌కి మిషెలిన్ స్టార్ సంపాదించింది. మన ఆడవాళ్లలో ఆ స్టార్ తెచ్చుకున్న మొదటి చెఫ్ ఆమే.

అపోహ: ఆడవాళ్లది సున్నితమైన చెయ్యి, వాళ్లకు బేకరీ బాగా నప్పుతుంది.

వాస్తవం: అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది, పైగా ఇది మంచి మాటలాగే వినబడుతుంది. నేను చేరిన మొదటి హోటల్లో పెద్ద చెఫ్ నిజంగానే దయగా, "అమ్మా, నువ్వు బేకరీకి వెళ్లు, అక్కడ ఏసీ ఉంటుంది, త్వరగా ఇంటికి పోవచ్చు" అన్నారు. నాతో చేరిన ఇంకో అమ్మాయిని కోల్డ్ కిచెన్‌కి పంపారు, సలాడ్లు కొయ్యడానికి. అబ్బాయిలు తందూర్, కర్రీ, కాంటినెంటల్, మాంసం కొట్టే సెక్షన్ అన్నీ తిరిగారు.

నాలుగేళ్ల తర్వాత ప్రమోషన్లు వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న: "హాట్ రేంజ్ మీద ఎంతకాలం చేశావ్?" హాట్ రేంజ్ అంటే వేడి వంటలు చేసే పొయ్యిల వరస. నా దగ్గర జవాబు లేదు. కిచెన్ మొత్తాన్ని నడపాలంటే డిన్నర్ రష్‌లో ఆరు పొయ్యిల ముందు నిలబడిన అనుభవం అడుగుతారు. అది లేనివాళ్లు పేస్ట్రీ చెఫ్ దగ్గర ఆగిపోతారు. బేకరీ తక్కువని నేననను, పఫ్ మడతలు సరిగ్గా రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ అది మనం ఎంచుకోవాలి, మన బదులు ఇంకొకరు కాదు. నేను ఆ ఉద్యోగం మానేసి, జీతం తగ్గించుకుని, వేరేచోట తందూర్ దగ్గర మళ్లీ కమీగా చేరాను. రోటీ గోడకి అంటించడానికి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోవాలి. మొదటి నెల కుడిచేతి మీద వెంట్రుక లేదు. ఆ నెల నేర్చుకున్నదే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

అపోహ: టైమింగ్స్ వల్ల ఆడవాళ్లే వద్దనుకుంటారు.

వాస్తవం: టైమింగ్స్ కష్టమన్నది నిజం. చాలా హోటళ్లలో బ్రేక్ షిఫ్ట్ ఉంటుంది: పొద్దున పదికి వచ్చి మూడింటి దాకా, మళ్లీ సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పన్నెండు దాకా. మధ్యలో మూడున్నర గంటలు ఎక్కడుండాలి? మగవాళ్లు ఖాళీగా ఉన్న బ్యాంక్వెట్ హాల్లో అట్టపెట్టెలు పరుచుకుని పడుకుంటారు. నేను ఎన్నో మధ్యాహ్నాలు లేడీస్ లాకర్ రూమ్‌లో, తడి నేల మీద కుర్చీ వేసుకుని, గోడకి తల ఆన్చి కూర్చున్నాను. ఒక మంచం వెయ్యండని అడిగితే "ఒక్కదాని కోసమా?" అన్నారు. ఒక్కదాన్నే ఉండిపోయింది మంచం లేకే కదా.

చట్టం కూడా ఒక కారణం. 1988 నాటి ఉమ్మడి రాష్ట్ర షాపుల చట్టం ప్రకారం ఆడవాళ్ల చేత రాత్రి 8.30 తర్వాత పని చేయించకూడదని ఉండేది. భద్రత కోసం పెట్టిన నియమమే. కానీ డిన్నర్ రష్ మొదలయ్యేదే అప్పుడు! ప్రత్యేక అనుమతి తెచ్చుకుని, ఇంటి దాకా బండి పెట్టడం కంటే అబ్బాయిల్ని తీసుకోవడమే సులువని చాలామంది ఓనర్లు లెక్క వేసుకున్నారు. ఈమధ్య ప్రభుత్వాలు షరతులతో దీన్ని సడలించాయి. ఇక బండి పెట్టడమే మిగిలింది.

అపోహ: ఎంత నేర్పినా పెళ్లయ్యాక మానేస్తారు.

వాస్తవం: కొందరు మానేస్తారు, దాచను. మా బ్యాచ్‌లో వంట బాగా వచ్చినవాళ్లలో ఇద్దరు అలాగే వెళ్లిపోయారు. కానీ నాకు పాప పుట్టాక ఏమైందో వినండి. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం 26 వారాల సెలవు ఇచ్చారు. తిరిగొచ్చేసరికి నా సెక్షన్ వేరే అతనికి పోయింది. "లైట్ డ్యూటీ" పేరుతో నన్ను స్టాఫ్ కాంటీన్‌లో వేశారు. నేనేమీ అడగలేదు. అడక్కుండానే నాకు సాయం చేశామనుకున్నారు. అడిగీ అడిగీ మళ్లీ నా పొయ్యి దగ్గరికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మా అత్తగారు పాపను చూసుకోబట్టి నిలబడ్డాను. ఆవిడ లేకపోతే నేను కూడా "పెళ్లయ్యాక మానేసినవాళ్ల" లెక్కలోకే వెళ్లేదాన్ని.

ఆ నల్గొండ నాన్నగారికి నడుస్తుందనే చెప్పాను. కాలేజీ అయ్యాక ఉద్యోగానికి వెళ్లినప్పుడు మూడు సంగతులు అడిగి చేరమని ఆ పిల్లకి చెప్పాను: మొదటి రెండేళ్లలో హాట్ రేంజ్, తందూర్ రెండూ తిప్పుతారా, బ్రేక్‌లో ఆడవాళ్లు పడుకోవడానికి గది ఉందా, రాత్రి పన్నెండుకి ఇంటి గుమ్మం దాకా ఎవరు దింపుతారు. తన ఫోన్‌లో రాసుకుంది. వెళ్లే ముందు, "అక్కా, తందూర్ ఒకసారి చూడొచ్చా?" అంది. మధ్యాహ్నం సర్వీస్ అయిపోయింది కానీ బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. లోపలికి తీసుకెళ్లాను.