మూడో వారంలో ఆగిన కోర్సు

చిక్కడపల్లి

పిల్లలకు ఆశీస్సులు.

మొన్న మీ ల్యాప్‌టాప్‌లో చూశాను. పైథాన్ ప్రోగ్రామింగ్ ఆన్‌లైన్ కోర్సు మూడో వారం రెండో వీడియో దగ్గర ఆగిపోయి ఉంది. పక్కనే నోట్‌బుక్కు. మొదటి ఆరు పేజీల్లో ఎర్ర ఇంకుతో గీతలు గీసి మరీ రాసుకున్నారు, ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. ఆ ఎర్ర గీతలు చూశాక మీది బద్ధకం అనబుద్ధి కాలేదు.

హార్వర్డ్, ఎంఐటీ వాళ్లు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్‌లో పెట్టిన కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో నూటికి ముగ్గురే పూర్తి చేశారు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం. డబ్బు ఒక్కటే వాళ్లను నిలబెట్టిందని నేననుకోను. చివరిదాకా చదవాలని ముందే అనుకున్నవాళ్లే కదా డబ్బు కట్టేది!

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఏడు గంటల బ్యాచ్‌కి వెళ్లకపోతే పక్కన కూర్చునేవాడు ఫోన్ చేసి అడుగుతాడు. ఇంట్లో వీడియోకి మీరు రాలేదన్న సంగతే తెలియదు. మా వీధి చివర లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు చెట్టు కింద కూర్చుని, ఒకరు ప్రశ్న అడిగితే ఇంకొకరు పుస్తకం మూసి జవాబు చెబుతారు. వాళ్లు నెలల తరబడి రావడానికి సగం కారణం ఆ ఎదుటి మనిషే.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. బోర్డు మీద నేను చేస్తున్నంతసేపూ అందరూ తలలూపేవాళ్లు. బోర్డు తుడిచేసి చాక్‌పీసు చేతికిస్తే, రెండో లైను దగ్గరే చెయ్యి ఆగిపోయేది. వీడియో చూడటం కూడా తలూపడం లాంటిదే. పది నిమిషాలు చూశాక ఆపి, చూడకుండా మీరే రాయండి. రానిది ఎక్కడో అప్పుడే తెలుస్తుంది.

ఒక వారం తప్పిందని మొత్తం వదిలేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ పన్నెండు వారాల కోర్సుల్లో 12 అసైన్‌మెంట్లలో బాగా చేసిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. జ్వరాలూ పెళ్లిళ్లూ ఉంటాయని వాళ్లకీ తెలుసు.

గురువారం సాయంత్రం ఆరింటికి ఇంటికి రండి. నాకు పైథాన్ రాదు. ఆ మూడో వారం పాఠం మీరే నాకు చెప్పాలి. బోర్డు తుడిచి ఉంచుతాను.

మీ తాతయ్య