తెలుగు తెర మీద మన నగరం: మద్రాసు నుంచి హైదరాబాద్ దాకా

తిరుపతిలో సినిమా కబుర్లు మొదలైతే చాలు, ఒక ఫిర్యాదు వినబడుతుంది. చార్మినార్‌నూ ట్యాంక్‌బండ్‌నూ విశాఖ బీచ్‌నూ తెర మీద లెక్కలేనన్నిసార్లు చూశాం, మన ఊరు మాత్రం ఒక గోపురం షాటు, గుండు కొట్టించుకున్న కమెడియన్‌తో సరి అని. ఫిర్యాదు సబబే. దాని మూలాలు మాత్రం హైదరాబాద్‌లో కాదు, మద్రాసులో ఉన్నాయి.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా సరిహద్దు తేలేసరికి 1960 అయింది. సరిహద్దు తగవు తీర్చిన మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సు మేరకు తిరుత్తణి మద్రాసు వైపు పోయింది. గీత గీశారు గానీ జనం రాకపోకలు మారలేదు. తిరుపతికి మద్రాసు 140 కిలోమీటర్లలోపే, హైదరాబాద్ 550 పైమాటే. పెళ్లి బట్టలకైనా పెద్దాసుపత్రికైనా సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్‌లో దిగడమే.

తెలుగు సినిమా కాపురం కూడా అక్కడే. వాహిని, జెమిని, ఏవీఎం స్టూడియోలన్నీ మద్రాసువే. కథ ఏ ఊరిదైనా హీరో కారు తిరిగింది మాత్రం మౌంట్ రోడ్డులో, పాట పాడింది మెరీనా ఇసుకలో. పల్లె నుంచి వచ్చినవాడు పట్నంలో దిగాడని చెప్పాలంటే సెంట్రల్ స్టేషన్ గడియారం, 1959లో కట్టిన ఎల్‌ఐసీ బిల్డింగు చూపిస్తే సరిపోయేది. 1973 తర్వాత జెమిని ఫ్లైఓవర్ కూడా చేరింది. గుంటూరు ప్రేక్షకుడికి అది ఏదో ఒక మహానగరం. చిత్తూరు, పుత్తూరు, నగరి వాళ్లకు అది పోయిన వారం బస్సు దిగిన చోటు.

ఈ అనుబంధంలో తిరుపతికి ఒక విచిత్రమైన పాత్ర ఉంది. 1960లో పి.పుల్లయ్య తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’లో ఎన్టీఆర్ స్వామి వేషం కట్టాక, కోస్తా నుంచి వచ్చే యాత్రికుల బస్సులు కొండ దిగి నేరుగా ఇంటిదారి పట్టడం తగ్గింది. మద్రాసు వెళ్లి, టి.నగర్ బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగి, ఆయన్ని చూశాకే తిరుగు ప్రయాణం. దేవుణ్ణి, దేవుడి వేషగాణ్ణి ఒకే టిక్కెట్టులో చూసినట్టు! వాహిని బి.నాగిరెడ్డి 1980ల మొదట్లో టీటీడీ పాలకమండలి ఛైర్మన్ కావడం చూస్తే ఆ రెండు ఊళ్లూ ఎంత దగ్గరివో తెలుస్తుంది.

తర్వాత సినిమా ఇల్లు మారింది. హైదరాబాద్‌లోని సారథి స్టూడియోలో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లోనే వచ్చినా వలస నెమ్మదిగా సాగింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, ప్రభుత్వ ప్రోత్సాహకాలు, 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చేసరికి మద్రాసు తెర మీంచి దాదాపు తప్పుకుంది. డబ్బింగు సినిమాల్లో మాత్రం మిగిలింది. డైలాగుల్లో ఊరు హైదరాబాద్ అంటారు, వెనక పోయే బస్సుకు అరవ బోర్డు. సరిహద్దు ఊళ్లలో ఆ బోర్డు చదవగలిగినవాళ్లకు కొదవ లేదు, హాల్లో నవ్వులకూ కొదవ లేదు.

మొత్తానికి చిత్తూరువాళ్లకు తెలిసిన నగరం తెర మీంచి పోయింది, సొంత ఊరు ఆ ఖాళీలోకి రాలేదు. తిరుమల గుడి లోపల సినిమా కెమెరాకు తావు లేదు కాబట్టి భక్తి చిత్రాలకు సెట్లే గతి. అది అర్థం చేసుకోవచ్చు. శేషాచలం అడవుల సంగతే మింగుడుపడదు. 2021 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ కథ ఎర్రచందనానిది, యాస చిత్తూరుది, అడవి మాత్రం చాలావరకు మారేడుమిల్లిది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఇటు శేషాచలం, వెలిగొండ కొండల్లో. గోదావరి అడవుల్లో కాదు. రెండో భాగంలోని గంగమ్మ జాతర కూడా సెట్టులోనే జరిగింది. తాతయ్యగుంట గంగమ్మకు ఏటా మే నెలలో ఊరి మగవాళ్లు చీరలు కట్టి వేషాలు వేసే వీధులు అసలు జాతరకే మిగిలాయి.

పెద్ద యూనిట్టు, సామాను, నటుల డేట్లు అన్నీ హైదరాబాద్‌లో ఉన్నప్పుడు 550 కిలోమీటర్లు ఎవరు వస్తారు? ఆ లెక్కన చిన్న సినిమాలే నయం. 2023లో వచ్చిన ‘వినరో భాగ్యము విష్ణు కథ’ తిరుపతి కుర్రాడి కథే.